వెనక కాయిల్స్ వేయించాక బండి మాట వినకపోతే: సమస్య - పరిష్కారం

జిప్సీకి నాలుగు మూలలా కమాన్‌పట్టీలే. 2010లో వచ్చిన థార్‌కీ వెనక అవే. 2020 థార్‌కి, జిమ్నీకి కంపెనీయే వెనక కాయిల్ స్ప్రింగులు ఇచ్చింది. అవి నడిపినవాళ్లకు పాత బండికి కూడా ఆ సుఖం కావాలనిపిస్తుంది. హైదరాబాద్ రాణిగంజ్‌లో బోల్టులు కొని, బాలానగర్‌లో లింకు (యాక్సిల్‌ను చాసీకి కలిపి పట్టే రాడ్; పైన రెండు, కింద రెండు) చివర్లకు మర తీయించి, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయిస్తే బండి లేచి నిలబడుతుంది. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది.

ఏ తేడా కనిపించినా మనవాళ్లు ముందు ఖరీదైన షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. చాలాసార్లు తప్పు వాటిది కాదు, బ్రాకెట్‌ను ఎక్కడ వెల్డ్ చేశారన్నదే అసలు సంగతి. అందుకే డబ్బు తీసే ముందు టేపు, డిజిటల్ యాంగిల్ గేజ్ తీయండి. కోణాలు కొలిచేటప్పుడు బండి చదునైన నేల మీద, మామూలుగా మోసే బరువుతో, సొంత చక్రాల మీదే నిలబడి ఉండాలి.

స్పీడు పెరిగితే సీటు కింద వణుకు

ఊళ్లో తెలియదు, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే బయటపడుతుంది. వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే ముందు టైర్ల బ్యాలెన్సింగ్ చూడండి. సీటు కింద, ఫ్లోర్‌లో తెలిస్తే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక యాక్సిల్‌కి చేర్చే తిరిగే గొట్టం) మీదికి పోవాలి.

షాఫ్ట్‌కి రెండు చివరలా ఒక్కొక్క క్రాస్ జాయింటే (కోణంలో కూడా తిరిగే కీలు) ఉంటే, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఫ్లాంజ్, డిఫరెన్షియల్ పినియన్ (యాక్సిల్ మధ్యలో షాఫ్ట్ తగిలే గేరు) ఫ్లాంజ్ రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఒక డిగ్రీ తేడా పరవాలేదు. అంతకు మించితే ఒక జాయింట్ పుట్టించే కుదుపును రెండోది రద్దు చేయలేదు. బండి ఎత్తు పెంచాక షాఫ్ట్ వాలు ఎక్కువైందని పినియన్‌ను పైకి తిప్పి షాఫ్ట్ వైపు గురిపెడతారు. అది ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ జాయింట్ ఉన్న షాఫ్ట్‌కే సరిపోతుంది. అక్కడ కూడా పినియన్‌ను ఒకటి రెండు డిగ్రీలు కిందికే ఉంచాలి, ఎందుకంటే యాక్సిలరేటర్ తొక్కగానే అది కాస్త పైకి లేస్తుంది.

సరిచేయడానికి పై లింకుల మర తిప్పితే చాలు. పొడవు పెంచితే పినియన్ ముక్కు పైకి లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. రెండు పక్కలా ఒకే లెక్కన తిప్పండి. కోణాలు సరిగ్గా ఉన్నా వణుకు పోలేదంటే షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు (క్రాస్ జాయింట్‌ను పట్టుకునే చీలికలు) ఒకే వరుసలో ఉన్నాయా చూడండి. స్లైడింగ్ భాగాన్ని విప్పి ఒక పన్ను పక్కకు బిగించేయడం మామూలే.

మలుపులో వెనక భాగం తనంతట తాను తిరగడం

గతుకులో ఒక చక్రం పడితే తోక ఊగుతుంది, మలుపులో వెనక బయటికి జారుతున్నట్టుంటుంది. బండిని పక్కనుంచి చూడండి. కింది లింకులు చాసీ నుంచి యాక్సిల్‌కి బాగా కిందికి వాలి ఉంటే కారణం అదే. మలుపులో బయటి చక్రం పైకి నొక్కుకుంటూ వెనక్కి పోతుంది, లోపలి చక్రం ముందుకు వస్తుంది. అంటే యాక్సిలే స్టీరింగ్ తిప్పుతోంది. చాసీ వైపు బ్రాకెట్ దించడమో, యాక్సిల్ వైపు బ్రాకెట్ ఎత్తడమో చేసి లింకును వీలైనంత చదును చేయాలి. చాసీ బ్రాకెట్ దించితే రాళ్లకు తగులుతుంది. బండి రోజూ ఆఫీసుకు కూడా పోయేదైతే ఆ నష్టం భరించమనే నేను చెప్తాను.

లింకులు చదునుగా ఉన్నా యాక్సిల్ పక్కలకు కదులుతోందా? పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా చాసీకి అడ్డంగా పట్టే కడ్డీ) లేని సెటప్‌లో ఆ పని పై లింకులే చేయాలి. పైనుంచి చూస్తే రెంటి మధ్య కనీసం 40 డిగ్రీల కోణం కావాలి. జాగా లేక దాదాపు సమాంతరంగా పెడితే ఏ బుష్ (లింకు చివరి తొడుగు) వేసినా ఆగదు. అలాంటప్పుడు పొడవాటి, చదునైన పాన్‌హార్డ్ రాడ్ వేయక తప్పదు.

ఎక్కుడులో వెనక లేచి చక్రాలు గంతులేయడం

బండరాతి మీద యాక్సిలరేటర్ ఇవ్వగానే వెనక భాగం పైకి లేచి, టైరు పట్టు వదిలి దబదబ కొట్టుకుంటోందంటే యాంటీ స్క్వాట్ (యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు తోక కూలబడకుండా లింకులు పైకి నెట్టే గుణం) ఎక్కువైంది. చాసీ వైపు పై లింకు బ్రాకెట్‌లో ఒక రంధ్రం పైకి మార్చండి, తగ్గుతుంది. దీనికి విరుద్ధంగా తోక బాగా కూలబడుతుంటే ఒక రంధ్రం కిందికి. అందుకే ఆ బ్రాకెట్‌కి మొదటి రోజే మూడు నాలుగు రంధ్రాలు వేయించాలి. తర్వాత చాసీ కింద పడుకుని డ్రిల్లు పట్టుకోవడం నరకం.

టక్‌టక్ చప్పుడు, చిట్లిన వెల్డింగ్

రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా ఫుల్ టైట్ చేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకు చిరుగుతుంది. చక్రాలు నేల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు. బోల్టు మర భాగం బ్రాకెట్ రంధ్రంలో కూర్చుంటే రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. నున్నటి భాగం పొడవు సరిపోయే 10.9 గ్రేడ్ బోల్టులే కొనండి.

యాక్సిల్ హౌసింగ్ గొట్టం మీద బ్రాకెట్ల వెల్డింగ్ ఒకే పట్టున లాగితే వేడికి గొట్టం వంగుతుంది. ఆ తర్వాత ఆయిల్ సీళ్లు, బేరింగులు వరసగా పోతుంటే జనం సీళ్ల నాణ్యతను తిడతారు. అటు కొంచెం, ఇటు కొంచెం, మధ్యలో చల్లారనిస్తూ వేయించండి.

వెనక కూర్చుండిపోవడం, లేదా రాయిలా ఉండటం

ఒక పక్క 350 కిలోల బరువు పడుతుంటే, మిల్లీమీటరుకు 3.5 కిలోల స్ప్రింగ్ 100 మిల్లీమీటర్లు నొక్కుకుంటుంది. ఈ లెక్క వేసుకోకుండా దొరికిన స్ప్రింగ్ తేవద్దు. తీగ మందం 12 నుంచి 13 మిల్లీమీటర్లకు పెరిగితే, మిగతావి మారకపోయినా గట్టిదనం 38 శాతం దాకా పెరుగుతుంది. గ్యాస్ కట్టర్‌తో చుట్టు కోయించడం అస్సలు వద్దు. వేడి తగిలిన చోట ఉక్కు పదును పోతుంది, మిగిలిన స్ప్రింగేమో ఇంకా గట్టిపడుతుంది.

స్ప్రింగులు తీసేసి యాక్సిల్‌ను పూర్తిగా పైకి, కిందికి, ఏటవాలుగా ఆడించి చూడాల్సింది కూడా ఇప్పుడే. షాక్ పూర్తిగా మూసుకునే ముందే బంప్ స్టాప్ (యాక్సిల్ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మె) తగలాలి. కిందికి వేలాడినప్పుడు ఆపే పని లిమిట్ స్ట్రాప్ అనే గట్టి పట్టీది. అది లేకపోతే స్ప్రింగ్ సీటులోంచి జారిపోతుంది, లేదా బ్రేక్ హోస్ లాగి తెగుతుంది.

బ్రేక్ తొక్కితే వెనక చక్రాలు పట్టకపోవడం

కొన్ని బండ్లలో బరువును బట్టి వెనక బ్రేక్ ప్రెషర్ మార్చే వాల్వ్ ఉంటుంది, దాని రాడ్ యాక్సిల్‌కి తగిలించి ఉంటుంది. ఎత్తు పెంచగానే ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని ప్రెషర్ తగ్గించేస్తుంది. ఎత్తు ఎంత పెరిగిందో అంత మేర రాడ్ బ్రాకెట్‌ను సర్ది, బ్రేకుల్లో గాలి తీయించి, ఖాళీ స్థలంలో తక్కువ స్పీడులో పరీక్షించాకే రోడ్డెక్కండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నమైన మార్పులను అడ్డుకుంటుంది. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లోనూ ఈ పేచీ రావచ్చు కాబట్టి, ఇలాంటి బండిని ట్రెయిల్‌కి (ఆఫ్‌రోడ్ దారికి) టో చేసుకుపోవడం మేలు.