బీపీఈడీ తర్వాత ఎంపీఈడీ, పీహెచ్‌డీ అనుకుంటున్న మన తిరుపతి పిల్లలకి

ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) అయిపోతానే పీహెచ్‌డీ చేస్తామనే పిల్లలు మన తిరుపతి, చిత్తూరు వైపు బాగానే ఉండారు, మంచిదే, కానీ అందరూ మొదట అడిగేది ఒకటే, "అన్నా, గైడ్ ఎవరు దొరుకుతారు?" అని. గైడ్ (పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసర్) సంగతి తర్వాతబ్బా, ముందు నువ్వు దేన్ని కొలవాలనుకుంటున్నావో చెప్పు. అది తేలితే ఏ యూనివర్సిటీ, ఎవరు గైడ్, ఎంత ఖర్చు అన్నీ తేలతాయి.

రూల్స్ గబగబా చెప్పేస్తా. బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) 2 ఏళ్లు, ఎంపీఈడీ ఇంకో 2 ఏళ్లు, మన రాష్ట్రంలో సీటుకి ఎంట్రన్స్ రాయాల, మొదటిదానికి పీఈసెట్, రెండోదానికి పీజీసెట్. పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం ఉండాల, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులకి 5 శాతం సడలింపు. యూజీసీ 2022 రూల్స్ ప్రకారం కోర్స్‌వర్క్‌తో (మొదట్లో చదివే క్లాసులు) కలిపి కనీసం 3 ఏళ్లు, మామూలుగా గరిష్ఠం 6 ఏళ్లు. నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) మాత్రం వదలొద్దు, ఫిజికల్ ఎడ్యుకేషన్ కోడ్ 47, మైనస్ మార్కులు లేవు, 2024 నుంచి ఆ స్కోరుతో పీహెచ్‌డీ సీటుకి కూడా పోవచ్చు, అందులోనే జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకి 37,000 వస్తాది. ఎస్వీయూ (తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) ఒక్కటే చూసుకోని కూర్చోవద్దు, చెన్నైలో తమిళనాడు ఫిజికల్ ఎడ్యుకేషన్ యూనివర్సిటీ, 1920లో మొదలైన వైఎంసీఏ కాలేజీ ఉండాయి, పాండిచ్చేరి యూనివర్సిటీ ఉండాది, దూరం పర్లేదంటే గ్వాలియర్ ఎల్ఎన్ఐపీఈ (లక్ష్మీబాయి వ్యాయామ విద్యా సంస్థ).

ఇంక అసలు విషయం, టాపిక్. శోధ్‌గంగ (మన దేశం థీసిస్‌లు ఉండే వెబ్‌సైట్) తెరిచి "ప్లయోమెట్రిక్ ట్రైనింగ్" (దూకుళ్లతో చేయించే ట్రైనింగ్) అని కొట్టి చూడు. గ్రూపుకి 15 మంది, 12 వారాల ట్రైనింగ్, ప్రీ టెస్ట్, పోస్ట్ టెస్ట్, అంకోవా, షెఫే అనే స్టాటిస్టిక్స్ పరీక్షలు, ఇదే వరస గుట్టలుగా కనపడతాది, కబడ్డీ తీసేసి ఖోఖో పెడితే ఇంకో థీసిస్. ఆ డిజైన్ తప్పని కాదు, అందులో ప్రశ్నే ఉండదు, అదీ నా బాధ.

ప్రశ్నలు మన కళ్ల ముందే ఉండాయి కదా సామీ. అలిపిరి దారి 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, శ్రీవారి మెట్టు దారిలో దూరం 2 కిలోమీటర్ల చిల్లరే గానీ నిట్టనిలువు. కొండ ఒకటే, దారులు రెండు, ఒకే మనిషి రెండు దారుల్లో ఎక్కితే గుండె వేగం ఎట్ల మారతాది? యాభై దాటినోళ్లకి ఏది నయం? (టీటీడీ పర్మిషన్ అడక్కుండా మాత్రం మెట్ల మీద మొదలుపెట్టొద్దు.) లేదంటే యర్రావారిపాళెం మండలం నుంచి పోయి ఇండియా హాకీ టీమ్‌కి గోల్‌కీపర్‌గా ఆడిన రజని ఎతిమరపు ఊరి చుట్టుపక్కల స్కూళ్లలో, టెన్త్ అయినాక ఆడపిల్లలు ఆట ఎందుకు మానేస్తారో కూర్చోబెట్టి మాట్లాడు, దానికి స్టాప్‌వాచ్ కూడా అక్కర్లేదు.

కొలిచే పని పెట్టుకుంటే కొలత మీద అనుమానం ఉండాల. దమ్ము ఎంతుందో చూసే కూపర్ టెస్టే తీసుకో, 12 నిమిషాలు పరిగెత్తించి, విజిల్ వేసిన చోట కోన్ పెట్టి దూరం కొలుస్తాం. 400 మీటర్ల ట్రాక్ మీద ఆరు రౌండ్లు వచ్చినాడంటే 2400 మీటర్లు, అందులోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు కిలో బరువుకి నిమిషంలో వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్, మిల్లీలీటర్లలో) 42.4 దాకా వస్తాది. లెక్క ఈజీనే, కానీ ప్రీ టెస్ట్ డిసెంబర్‌లో చలి పొద్దున పెట్టి పోస్ట్ టెస్ట్ ఏప్రిల్‌లో తొమ్మిది గంటల ఎండకి పెడితే ఏం కొలిచినట్టు? వేడికి ఒళ్లు చల్లబడాలని రక్తం చర్మం వైపు పోతాది, గుండె ఎక్కువ కొట్టుకుంటాది, పిల్లోడు వెనకబడతాడు, నీ ట్రైనింగ్ దండగని రాసుకుంటావు. అందుకే రెండుసార్లూ ఒకే టైం, వీలైతే ఒకే రకం వాతావరణం, కంట్రోల్ గ్రూప్‌కి (ట్రైనింగ్ ఇవ్వకుండా పోల్చేదానికి పెట్టుకున్నోళ్లు) కూడా అదే రోజు. స్ప్రింట్ అయితే ఇంకా జాగ్రత్త, 100 మీటర్లలో స్టాప్‌వాచ్ నొక్కి తీసిన చేతి టైంని ఎలక్ట్రానిక్ టైంతో పోల్చాలంటే 0.24 సెకండ్లు కలుపుతారు, నువ్వేమో 0.1 సెకండ్ తగ్గిందని సంబరపడతా ఉంటావు, అది నీ బొటనవేలి మహిమ కూడా కావచ్చు. ఇద్దరు ముగ్గురి చేత టైం తీయించు.

పేపర్ల పని విసుగే గానీ తప్పదు, ఎథిక్స్ కమిటీ అనుమతి, 18 లోపు పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం, హెడ్‌మాస్టర్ లెటర్. టెస్టుకి ఎంతమంది కావాలో జీపవర్‌లో లెక్కేసుకో, స్టాటిస్టిక్స్‌కి జమోవీ ఉండాది, రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్లే.

గైడ్ దగ్గరికి పోయేముందు ఒక అరపేజీ రాసుకో, ఎవర్ని, ఏం, దేంతో, ఎన్ని వారాలు కొలుస్తావో అంతే, పొగడ్తలొద్దు. మార్చిలోపల పోతే మేలు, ఏప్రిల్ ఆఖరికి స్కూళ్లు మూసేస్తే మళ్లీ జూన్ దాకా పిల్లలు దొరకరు.