దాళ్వా మాసూళ్లకు దిగేముందు: ఉత్త నీళ్లతో సరిపెట్టకండి

దాళ్వా (రబీ వరి) కోతలు, ధాన్యం ఆరబోత, బస్తాల ఎత్తుడు అన్నీ ఎండ ముదిరాకే వచ్చిపడతాయి. డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పట్టిన చెమట ఆరదు, కారిపోతుంది. ఒళ్లు చల్లబడదు సరికదా, ఉప్పు పోతుంది. బరువు పని చేసేవాళ్లకు గంటకు లీటరు చెమట పోవడం మామూలే.

ఉప్పులో ఉండేది సోడియం. అది రక్తంలో లీటరుకు 135–145 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండాలి. పోయిన ఉప్పు తిరిగి చేరకుండా చెంబుల కొద్దీ నీళ్లే తాగితే సోడియం పలచబడి, నీరు మెదడు కణాల్లోకి చేరి వాపు వస్తుంది. మొదట తలనొప్పి, వికారం. ముదిరితే మాట తడబాటు, ఫిట్స్. చూడ్డానికి వడదెబ్బలాగే ఉంటుంది, అందుకే పక్కవాళ్లు ఇంకో చెంబు పట్టిస్తారు. అక్కడే ముప్పు.

పనిలో ఉండగా పావుగంట, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు చాలు. గంటకు లీటరున్నర దాటొద్దు. మధ్యమధ్యలో ఉప్పేసిన పల్చటి మజ్జిగ, తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) తాగండి. పొద్దున్నే చద్దన్నం తిని వెళ్లడం ఇప్పటికీ మంచి పద్ధతే.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం కొంచెం పోసుకుంటే పాళ్లు చెడతాయి. చిక్కనైతే విరేచనాలు పెరుగుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ టీ చెంచాతో, ఎత్తుగా కాకుండా అంచుకు సమంగా. పంచదార రుచికి కాదు, పేగులో సోడియాన్ని లోపలికి లాగేది అదే.

కోనసీమలో ప్రతిదానికీ బొండాం కొట్టిస్తారు. అందులో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటకు అదొక్కటే సరిపోదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకైతే ప్రమాదం: పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది. బీపీ, గుండె జబ్బులకు ఇచ్చే టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ మాత్రలు వాడేవాళ్లకూ అదే భయం. నీరు పోయే మాత్రలు వాడేవాళ్లకు ఎండల్లో సోడియం పడిపోవచ్చు. సొంతంగా మాత్ర మానొద్దు, ఉప్పూ పెంచొద్దు. కోతలకు ముందే డాక్టర్ని అడగండి.

పిక్కలు పట్టేస్తే నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ ఇవ్వండి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, మగతగా ఉన్నా నోట్లో ఏమీ పోయకండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. వాడే మాత్రల అట్టలు వెంట పంపండి.