రొయ్య రేటు పడితే ఏం చూడాలి

మా ఆకివీడు వైపు రేటు ఎందుకు తగ్గిందని అడిగితే ఇప్పుడు ఒకటే జవాబు: "అమెరికా టాక్స్ అండీ." పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజుకు, ముందు రాత్రి కొనే ఏజెంటు ఫోన్ చేసి ఈ ముక్క అన్నాడని టెన్షన్‌లో సరే అనేయకండి. మా ఇంట్లో చెరువు లెక్కలు రాసేది నేనే కాబట్టి, నేను చూసే పద్ధతి చెబుతాను.

ముందు కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, చూసుకోండి. కిలోకి ముప్పై, నలభై తూగే పెద్ద రొయ్యకు అమెరికా గిరాకీ ఎక్కువ. వంద కౌంట్‌కు వేరే దేశాలూ ఉన్నాయి. చిన్నదానికీ పెద్దదానికీ రేటు ఒకేలా పడితే, చుట్టుపక్కల అందరూ ఒకేసారి వల వేశారేమో కనుక్కోండి.

తర్వాత ఏ టాక్సో అడగండి. సగం మంది ఇక్కడే తడబడతారు. మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ అమెరికా వేసే యాంటీ డంపింగ్ సుంకం మన రొయ్య మీద 2005 నుంచీ ఉంది. సబ్సిడీలు ఇస్తున్నారంటూ వేసే ఇంకో సుంకం 2024 డిసెంబరులో ఖాయమైంది. ఈ రెండూ విచారణ జరిపి, తేదీలు చెప్పి వేసేవి. ఎగుమతిదారుకు ముందే తెలుసు, కాబట్టి నిన్న రాత్రి రేటు పడటానికి అవి కారణం కావు. అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వుతో పడే సుంకం అలా కాదు. 2025 ఆగస్టు 7న 25 శాతం పడింది. రష్యా చమురు కొంటున్నామని 27న ఇంకో 25 కలిసింది. చమురు కొన్నదెవరు, రొయ్య అమ్ముకునేదెవరు! అప్పుడు అమెరికాలో మనకు పోటీగా అమ్మే ఈక్వడార్ దేశపు రొయ్యకు వేసింది 15 శాతమే. అందుకే మన అంకె పక్కన ఈక్వడార్ అంకె కూడా రాసుకోండి. ఆ తేడాను బట్టే అక్కడి కొనుగోలుదారు బేరమాడతాడు.

ఉన్నట్టుండి ఉత్తర్వు ఇవ్వడంలో మన ఢిల్లీ తక్కువేం కాదు లెండి. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు వరి వేసిన మా బావగారిదీ ఇదే గోల.

చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలేటప్పుడే, అమెరికా కాక అమ్ముకోవడానికి రెండో దారి చూసుకోండి. యూరప్ 2016లో మన చెరువు రొయ్యల తనిఖీని 10 శాతం సరుకు నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ జాడ దొరికితే ఆ దారి మూసుకున్నట్టే. షాపువాడు లేబుల్ లేని మందు ఇస్తే తీసుకోకండి. పట్టుబడికి ముందు ల్యాబ్ పరీక్ష చేయించి కాగితం దగ్గర పెట్టుకోండి.

చివరగా, కనీసం ఇద్దరు ఏజెంట్ల దగ్గర కౌంట్‌తో సహా రేటు వాట్సాప్‌లో రాయించుకున్నాకే వల దించండి.