కొండ రాయి నుంచి కళింగపట్నం ఇసుక దాకా: మన జిల్లా రాళ్ళను గుర్తుపట్టడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉంటూ రాళ్ళ గురించి నేర్చుకోవాలనుకునేవారికి పాఠ్యపుస్తకం వరస అంతగా పనికిరాదు. అగ్నిశిలలు, అవక్షేప శిలలు, రూపాంతర శిలలు అని మూడు రకాలు చెప్పి బసాల్ట్, ఇసుకరాయి, సున్నపురాయి బొమ్మలు చూపిస్తారు. ఆ పుస్తకం పట్టుకుని బొబ్బిలి వైపో పాతపట్నం వైపో కొండ ఎక్కితే ఆ బొమ్మల్లోని రాయి ఒకటి దొరకడమే కష్టం. మనవి తూర్పు కనుమలు. ఇక్కడి కొండలు దాదాపు అన్నీ రూపాంతర శిలలే. భూమి లోపల వేడికి, ఒత్తిడికి పాత రూపం పూర్తిగా పోయిన రాళ్ళు అవి.

అందుకే మన దగ్గర వేరే దారిలో మొదలుపెట్టాలి. ఒకే ఒక్క ఖనిజాన్ని పట్టుకోండి. దాని పేరు గార్నెట్. మన కొండ రాయిలో ఎర్రటి గింజలా కనిపించేది అదే. కొండ దగ్గర దాన్ని గుర్తుపట్టి, గెడ్డలోంచి ఏటిలోకి, ఏటిలోంచి సముద్రపు ఒడ్డుకు వెంట వెళ్ళండి. ఖనిజం అంటే ఏమిటి, రాయి అంటే ఏమిటి, నేల ఎలా మారుతుంది అన్నవి మూడూ ఆ దారిలోనే తెలుస్తాయి.

ముందు సామాను

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం కావాలి. వాచీలు బాగుచేసేవారు, బంగారం పనివారు వాడే రకం చాలు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, ఒక ఇనుప మేకు, పాత గాజుముక్క, నిమ్మకాయ, నీళ్ళ సీసా, స్టీలు పళ్ళెం, నోటుబుక్కు, పెన్సిలు పెట్టుకోండి. నున్నటి పూత లేని టైల్ వెనుక వైపు కూడా ఒక పరీక్షకు అవసరం. ఇంట్లో వంటగది డిజిటల్ కాటా ఉంటే మంచిది.

సుత్తి తీసుకెళ్ళొద్దని నా సలహా. కొత్తవాళ్ళు సుత్తితో కొడితే రాతి పెచ్చు కళ్ళలోకి ఎగురుతుంది. పైగా మనకు ఆ అవసరమే లేదు. రోడ్డు వెడల్పు చేసినచోట, నుయ్యి తవ్విన మట్టిగుట్టలో, ఇంటి పునాది కోసం తెచ్చిన రాళ్ళలో అప్పుడే పగిలిన ముక్కలు ఎన్నైనా ఉంటాయి. పని జరుగుతున్న క్వారీలోకి అడుగు పెట్టొద్దు. రామతీర్థం, శాలిహుండం లాంటి బౌద్ధ శిథిలాలున్న కొండల మీద కళ్ళతో చూడటమే, చిన్న ముక్క కూడా తీయకూడదు.

మొదటి పని: పగిలిన ముఖం చూడండి

ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి తగిలిన రాయి పైముఖం అసలు సంగతి చెప్పదు. మన కొండల మీద ఎక్కువ రాళ్ళు బయటికి తుప్పు రంగులోనో, ఎర్రమట్టి పూసినట్టో ఉంటాయి. అదే రాయి కొత్తగా పగిలిన చోట బూడిద రంగులో, తెల్లగా, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో మెరుస్తుంది. ముక్కను నీళ్ళతో కడగండి. తడి రాయిలో రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. తరవాత ఎండలో అటూ ఇటూ వంచుతూ భూతద్దంలోంచి చూడండి. భూతద్దాన్ని కంటికి ఆనించి పెట్టుకుని రాయిని దగ్గరికి తెచ్చుకోవాలి. చాలామంది దీన్ని తిరగేసి చేసి, ఏమీ కనపడటం లేదనుకుంటారు.

రెండో పని: ఐదు ఖనిజాలను విడదీయండి

ఖనిజం అంటే ప్రకృతిలో దొరికే, నిర్దిష్టమైన రసాయన కూర్పూ స్ఫటిక నిర్మాణమూ ఉన్న పదార్థం. అలాంటివి కొన్ని కలిసి గట్టిపడితే రాయి. రాయి పేరు చెప్పే తొందర ముందు వదిలెయ్యండి. లోపలి ఖనిజాలు తెలిస్తే పేరు దానంతట అదే వస్తుంది.

పలుగురాయి (క్వార్ట్జ్) గాజులా, తెల్లగానో బూడిదగానో ఉంటుంది. చదునుగా పగలదు, వంకరగా పగులుతుంది. ఇనుప మేకుతో గీస్తే దాని మీద గీత పడదు. గాజు మీద గీస్తే గాజే గీసుకుపోతుంది. 1812లో ఫ్రెడ్రిక్ మోస్ ఏర్పరిచిన పది మెట్ల కాఠిన్య కొలతలో దీనిది 7. మన గోరు సుమారు రెండున్నర, గాజు ఐదున్నర.

ఫెల్డ్‌స్పార్ కూడా తెల్లగానో గులాబీ రంగులోనో ఉండి పలుగురాయిలాగే కనిపిస్తుంది. తేడా పట్టాలంటే ఎండలో తిప్పండి. ఫెల్డ్‌స్పార్ చదునైన తలాలుగా పగులుతుంది కాబట్టి ఒక కోణంలో మొత్తం తలం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. పలుగురాయిలో అలాంటి తళుకు ఉండదు. ఈ ఒక్క తేడా కళ్ళకు అలవాటయితే సగం పని అయిపోయినట్టే.

గార్నెట్ దానిమ్మ గింజ రంగులో ఉంటుంది. ఒక్కోచోట ఆవగింజంత, ఒక్కోచోట గోలీ అంత. మేకుకు లొంగదు.

సిల్లిమనైట్ తెల్లటి సన్నని పుల్లలుగా, అన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉంటుంది. గ్రాఫైట్ నల్లటి మెరిసే రేకులు. వేలితో రుద్దితే జిడ్డుగా అంటుకుంటుంది, కాగితం మీద పెన్సిలులా గీత పడుతుంది. పెన్సిలు లోపల ఉన్నది కూడా గ్రాఫైటే మరి. వీటితో పాటు అక్కడక్కడా అభ్రకం రేకులు కనిపిస్తాయి. ఊళ్ళల్లో కాకిబంగారం అనేది దాన్నే. గోటితో పొరలుగా ఊడుతుంది.

మూడో పని: ఇప్పుడు రాయి పేరు

పలుగు, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ కలిసి, ఒక్కోసారి గ్రాఫైట్ రేకులతో కనిపిస్తే అది ఖోండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ పేరు పెట్టారు. కోణార్క్ గుడి రాయి ఇదే.

ఈ రాయి దగ్గర కాసేపు ఆగండి. ఖోండలైట్‌లో అల్యూమినియం ఎక్కువ. అంత అల్యూమినియం బంకమట్టిలో ఉంటుంది. అంటే ఇప్పుడు మీ చేతిలో ఉన్న రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద. అది సుమారు 100 కోట్ల సంవత్సరాల కిందట ఖండాల ఒరిపిడిలో 20 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్ళి, 800 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో మగ్గింది. గార్నెట్, సిల్లిమనైట్ పక్కపక్కన పుట్టడమే ఆ వేడికీ ఒత్తిడికీ సాక్ష్యం. మరి అంత లోతులో ఉన్న రాయి ఈరోజు మన కాలికి ఎలా తగిలింది? పైన ఉన్న 20 కిలోమీటర్ల మందం పోయింది కాబట్టి. నేల పైకి లేస్తూ, వానకూ గాలికీ అరుగుతూ, అంత రాయీ మట్టయి ఇసుకయి కొట్టుకుపోయింది. ఆ అరుగుదల ఇంకా ఆగలేదు. దాన్ని కళ్ళారా చూడటానికే మనం ఈ గార్నెట్ వెంట పడుతున్నాం.

ముక్క ముదురు రంగులో, కాస్త ఆకుపచ్చ జీరతో, నూనె రాసినట్టు కనిపిస్తే చార్నకైట్ కావచ్చు. ఇదీ అంతే లోతు నుంచి వచ్చిన గట్టి రాయి. కోల్‌కతాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి రాయిని బట్టి థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీనికి ఆ పేరు పెట్టారు. తెలుపూ నలుపూ చారలుగా ఉంటే నైస్. చారలు మెలికలు తిరిగి ఉంటే ఆ రాయి వేడికి మెత్తబడి మడతలు పడిందని అర్థం.

ఈ చారలు, మడతలు చూడటానికి అన్నిటికంటే సులువైన చోటు గ్రానైట్ పలకలు అమ్మే షాపు. టెక్కలి చుట్టుపక్కల తీసే నీలి ఛాయ రాయి పలకలు అక్కడ నిలబెట్టి ఉంటాయి. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయినంతటినీ గ్రానైట్ అనే అంటారు, దాన్ని పట్టించుకోకండి. అడిగితే కోసిన తుక్కు ముక్కలు ఊరికే ఇస్తారు. పాలిష్ ముఖం మీద ఖనిజాలు ఎంత బాగా విడిగా కనిపిస్తాయో చూడండి.

నాలుగో పని: బరువు, గీత

కాటా మీద నీళ్ళ గిన్నె పెట్టి రీడింగ్‌ను సున్నా చేయండి. రాయిని దారానికి కట్టి, గిన్నె అడుగుకు గానీ అంచుకు గానీ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా చూపించే గ్రాముల అంకె ఆ రాయి ఘనపరిమాణంతో సమానం. అంతకు ముందే తూచిన పొడి బరువును ఈ అంకెతో భాగించండి. పొడి బరువు 270 గ్రాములు, నీళ్ళలో రీడింగ్ 100 వస్తే సాంద్రత 2.7. పలుగురాయి 2.65 దగ్గర వస్తుంది. గార్నెట్ ఒక్కటే అయితే 4 చుట్టూ ఉంటుంది కాబట్టి గార్నెట్ ఎక్కువున్న ముక్క బరువు పెరుగుతుంది. ఈ అంకెలు గుర్తుంచుకోండి, సముద్రం దగ్గర మళ్ళీ పని పడుతుంది.

విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు ఉన్నవారికి నల్లగా, అరచేతిలో పెడితే అనుకున్నదానికంటే బాగా బరువుగా ఉండే ముక్కలు దొరకవచ్చు. టైల్ వెనుక వైపు రుద్దండి. నల్లటి గీత పడి, చేతులు మసి అయితే మాంగనీసు ఖనిజం అయ్యే అవకాశం ఎక్కువ. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు పేరు మీదే ఎల్.ఎల్. ఫెర్మర్ ఒక రాతికి కోడురైట్ అని పేరు పెట్టారు. గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ ఉండే రాయి అది. ఇక్కడి గార్నెట్‌లో మాంగనీసు కూడా ఉంటుంది. పాత గనుల గోతుల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాటి అంచుకు వెళ్ళొద్దు, పిల్లల్ని అసలే వెళ్ళనివ్వొద్దు.

నిమ్మరసం పరీక్ష ఒక్క మాటలో: చుక్క వేస్తే బుడగలు వస్తే అందులో సున్నం ఉంది. పొడి చేసి వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

ఐదో పని: కుళ్ళిన రాయిని గాలించండి

కొండ అంచున రోడ్డు కోసిన చోట ఖోండలైట్ చేత్తో నలిపితే రాలిపోయేంత మెత్తగా ఉంటుంది. చూడటానికి రాయే, చారలు కూడా అలాగే ఉంటాయి, నొక్కితే మట్టి. వాననీరు ఫెల్డ్‌స్పార్‌ను తెల్లటి బంకమట్టిగా మారుస్తుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి నేలను ఎర్రగా చేస్తుంది. పలుగు మాత్రం మారదు.

గుప్పెడు తీసుకుని పళ్ళెంలో నీళ్ళు పోసి గాలించండి. మొదట ఎర్రటి బురద నీళ్ళు పోతాయి. కొంతసేపటికి పలుగు గింజలు, అడుగున ఎర్ర గార్నెట్ గింజలు మిగులుతాయి. కొండ ఇసుకగా మారడం అంటే ఇదే.

ఆరో పని: గెడ్డ, ఏరు

కొండ కింద గెడ్డలో రాళ్ళ అంచులు పదునుగా ఉంటాయి. కిందికి పోయేకొద్దీ గుండ్రబడి చిన్నవవుతాయి. ఎండాకాలంలో శ్రీకాకుళం దగ్గర నాగావళి ఇసుక మేటల మీదికి వెళ్ళి చిటికెడు ఇసుకను తెల్ల కాగితం మీద పోసి భూతద్దంలో చూడండి. ఎక్కువగా పలుగు, అక్కడక్కడ గులాబీ రంగు చుక్కలు కనిపిస్తాయి. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టి రెండువందల యాభై కిలోమీటర్ల పైన ప్రయాణించి వస్తాయి కాబట్టి మీ చేతిలోని గింజ ఏ ఊరి కొండదో చెప్పలేం, కానీ అది తూర్పు కనుమలదే.

ఏటి గట్టు కోసుకుపోయిన చోట పొరలు కూడా గమనించండి. గరుకు ఇసుక మీద సన్నని ఒండ్రు, మళ్ళీ ఇసుక. వరద వేగంగా ఉన్నప్పుడు గరుకు ఇసుక, నెమ్మదించాక ఒండ్రు దిగుతాయి. ఈ పొరలు లోతున పూడిపోయి గట్టిపడితే పుస్తకంలోని అవక్షేప శిల అవుతుంది. మన జిల్లాల్లో దాన్ని రాయిగా కంటే, తయారవుతుండగా చూడటమే సులువు.

ఏడో పని: సముద్రం ఒడ్డు

కళింగపట్నం, భావనపాడు, లేదా విజయనగరం వైపు చింతపల్లి తీరానికి వెళ్ళండి. సముద్రం అల్లకల్లోలంగా ఉండి తగ్గిన మర్నాడు అయితే మరీ మంచిది. అల తాకే గీతకు కాస్త పైన, నల్లటి, ఎర్రటి చారలు కనిపిస్తాయి. చాలామంది మురికి అనుకుని దాటిపోతారు. భూతద్దం పెట్టండి. ఎర్రవి గార్నెట్, కొండ నుంచి మనం వెంట వస్తున్నది. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్. తెల్లటి పుల్లలు సిల్లిమనైట్. రంగులేకుండా మెరిసేవి జిర్కాన్.

ఇవన్నీ ఒకేచోట ఎందుకు చేరాయి? నాలుగో పనిలోని అంకెలే కారణం. అల ఒడ్డుకు విసురుగా వస్తూ అన్ని గింజలనూ తెస్తుంది, వెనక్కి పోయేటప్పుడు అంత బలం ఉండదు. 2.65 సాంద్రత ఉన్న పలుగును తీసుకుపోతుంది, 4 పైన ఉన్న గార్నెట్‌నూ, 4.7 ఉన్న ఇల్మనైట్‌నూ వదిలేస్తుంది. పళ్ళెంలో మీరు చేసిన పనే ఇక్కడ సముద్రం చేస్తోంది. అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో పెట్టి చారమీద తిప్పండి. మామూలు అయస్కాంతానికి అంటుకునేది ఎక్కువగా మాగ్నటైట్.

చూశాక ఇసుకను అక్కడే వదిలెయ్యండి. ఇందులో రేడియోధార్మిక లోహమైన థోరియం ఉండే మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది, ఈ ఖనిజాల తవ్వకం ప్రభుత్వ నియంత్రణలో ఉంది. ఫొటో చాలు.

ఈ తీరమే సుమారు 13 కోట్ల సంవత్సరాల కిందట భారతదేశం, అంటార్కిటికా విడిపోయినప్పుడు ఏర్పడింది. ఖోండలైట్, చార్నకైట్‌లను పోలిన రాళ్ళు అక్కడి తూర్పు భాగంలోనూ ఉన్నాయి. నాకు ఈ విషయం తెలిశాక బంగాళాఖాతాన్ని చూసే చూపే మారిపోయింది.

చివరి పని: రాసి, సరిచూసుకోండి

ప్రతి ముక్కకూ ఒక నంబరు, దొరికిన చోటు, తేదీ, కనిపించిన ఖనిజాలు, సాంద్రత రాయండి. చోటు రాయని రాయి ఎంత అందంగా ఉన్నా దేనికీ పనికిరాదు. ఇంటికొచ్చాక భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వారి భూకోష్ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతం భూగర్భ పటం తెరిచి మీరు పెట్టుకున్న పేరుతో పోల్చండి. తేడా వస్తే మీరే తప్పని వెంటనే కొట్టేయకండి. 1:50,000 స్కేలు పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. పది మీటర్ల వెడల్పున్న రాతి పట్టీ అక్కడ 0.2 మిల్లీమీటర్లే, గీయడానికి చోటే ఉండదు. అదే చోటికి మళ్ళీ వెళ్ళి, ఇంకో రెండు కొత్తగా పగిలిన ముక్కలు చూసి, ఖనిజాలు మళ్ళీ అవే వస్తే మీరు రాసుకున్నదే ఉంచండి.