పెరోల్, ప్రొబేషన్ విభాగానికి ప్రాంతీయ అధికారిని ఎంపిక చేయడం ఎలా?

పెరోల్ మీద బయటికొచ్చిన ఖైదీ గడువుకు తిరిగి రాకపోతే పేపర్లో వార్త వస్తుంది. అర్హత ఉన్న ఖైదీకి పెరోల్ దొరక్క, అతని తల్లి కొడుకును చూడకుండానే కన్నుమూస్తే ఎక్కడా వార్త రాదు. ప్రాంతీయ అధికారి కుర్చీలో కూర్చునే మనిషికి ఈ తేడా మొదటి వారంలోనే అర్థమవుతుంది. ‘తిరస్కరించడమైనది’ అని రాస్తే ఎవరూ ఏమీ అడగరని తెలిసిపోతుంది. అది తెలిసి కూడా ఫైలు పూర్తిగా చదివి, తన పేరు మీద నిర్ణయం రాసి సంతకం పెట్టే మనిషి కావాలి. హైదరాబాద్‌లో ఇలాంటి ఎంపికల్లో చాలా ఏళ్లుగా పాల్గొంటున్నాను. సీనియారిటీ లిస్టు ముందు పెట్టుకుని, పావుగంట ఇంటర్వ్యూతో పని ముగించేసే కమిటీలను చూసి విసుగొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నోటిఫికేషన్. ఇది ఒక పూటలో అయిపోయే పని. పోస్టు డిప్యుటేషన్ మీదా (అంటే వేరే శాఖ నుంచి కొంతకాలానికి తీసుకోవడం), కాంట్రాక్టు మీదా, జీతం ఎంత, ఏయే జిల్లాలు కిందికొస్తాయి, ఎంతమంది ప్రొబేషన్ ఆఫీసర్లను చూసుకోవాలి అన్నవి ఉంటే చాలు. విదేశీ ప్రకటనలు చూసి కాపీ మాత్రం కొట్టొద్దు. కెనడాలో పెరోల్ మీద వచ్చినవాళ్లు మిగిలిన శిక్షాకాలాన్ని పర్యవేక్షణలో బయటే గడుపుతారు. ఇక్కడ గడువు తీరగానే జైలు గేటు దగ్గరికి తిరిగి రావాలి. పైగా జైళ్లు మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి కాబట్టి నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. మనకు పెరోల్ విషయంలో ఉమ్మడి రాష్ట్రంలో 1981లో వచ్చిన నిబంధనలు, ప్రొబేషన్ విషయంలో, అంటే దోషిని జైలుకు పంపకుండా సత్ప్రవర్తన షరతు మీద వదిలిపెట్టే విషయంలో, 1958 నాటి కేంద్ర చట్టం ఆధారం. అభ్యర్థి చదివి రావాల్సింది వీటినే.

ఎక్కడ వెతకాలి? కమిటీలు అలవాటుగా పోలీసు శాఖ వైపే చూస్తాయి. మంచి పోలీసు అధికారులు ఉంటారు, కాదనను. కానీ జైళ్ల శాఖలో వెల్ఫేర్ పని చేసినవాళ్లు, ప్రొబేషన్ ఆఫీసర్లుగా జిల్లాలు తిరిగి పైకొచ్చినవాళ్లు, న్యాయసేవాధికార సంస్థల్లో పనిచేసినవాళ్లు, సోషల్ వర్క్ చదివి ఖైదీల కుటుంబాల మధ్య తిరిగినవాళ్లు కూడా ఇదే ఊళ్లో ఉన్నారు. ప్రకటన వాళ్లకు చేరాలి. తెలుగు పేపర్లతో పాటు ఒక ఉర్దూ పేపర్లోనూ వేయండి.

ఉర్దూ మాట్లాడటం రానివాళ్లను హైదరాబాద్ ప్రాంతానికి తీసుకోవద్దు. ఇందులో సడలింపు ఉండకూడదు. యాకుత్‌పురాలో ఓ ఇంటికి విచారణకు వెళ్తే, పరదా వెనకున్న తల్లి దుబాసీ ముందు మనసు విప్పదు. ఆవిడ మాట్లాడకపోతే నివేదికలో మిగిలేది పక్కింటివాళ్లు చెప్పిన మాటే.

వచ్చిన దరఖాస్తుల్లో ఐదేళ్ల వార్షిక నివేదికలు, విజిలెన్స్ క్లియరెన్స్, మాతృశాఖ నిరభ్యంతర పత్రం చూసి ఆరుగురికి తగ్గించండి. ఆరుకు మించి పిలిస్తే తర్వాతి మెట్టు సరిగ్గా జరగదు.

ఆ తర్వాతి మెట్టు ఫైలు పరీక్ష. అందరూ చెడగొట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

అభ్యర్థికి ఒక పెరోల్ ఫైలు, తెల్ల కాగితాలు, గంట సమయం ఇవ్వాలి. చివర్లో తన నిర్ణయాన్ని నోట్‌గా చేత్తో రాసివ్వాలి. తెలుగైనా, ఇంగ్లీషైనా సరే. నిజమైన ఖైదీ ఫైలు వాడకండి, పేరు కొట్టేసి కూడా వాడకండి. ఊరూ కేసూ చూస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. కొత్తగా తయారు చేయించండి. నేను పెట్టించే ఫైలు ఇలా ఉంటుంది: హత్య కేసులో యావజ్జీవం, ఎనిమిదేళ్లు పూర్తయ్యాయి, జైల్లో ప్రవర్తన బాగుంది, తల్లికి ఆపరేషన్ అని ఆసుపత్రి కాగితం ఉంది. పోలీసు నివేదికలో ఒకే ఒక్క వాక్యం: ‘విడుదల చేస్తే శాంతిభద్రతలకు భంగం కలగవచ్చు.’ హతుడి భార్య రాసిన అర్జీలో భయం కనిపిస్తుంది. ప్రొబేషన్ ఆఫీసర్ నివేదిక అనుకూలంగానే ఉంది కానీ, జాగ్రత్తగా చదివితే ఆయన ఆ ఇంటికి వెళ్లిన తేదీ ఎక్కడా లేదు.

ఈ ఫైలుకు ఒకే సరైన జవాబు లేదు. ఇవ్వమన్నారా, వద్దన్నారా అన్నదానికి మార్కులు వేయొద్దు. నేరం తీవ్రమైనది అన్న ఒక్క కారణంతో పెరోల్ నిరాకరించడం కుదరదని సుప్రీంకోర్టు 2017లో అస్ఫాక్ కేసులో స్పష్టం చేసింది. సమాజ భద్రతను చూడాలనీ అదే తీర్పు చెబుతుంది. ఈ రెంటి మధ్య అభ్యర్థి దారి ఎలా వెతుక్కున్నాడో చూడండి. పోలీసుల వాక్యానికి ఆధారం ఏమిటని అడిగాడా? విచారణ తేదీ లేదని గమనించాడా? రెండు ఇళ్లూ ఒకే వీధిలో ఉన్నాయేమో కనుక్కోవాలని రాశాడా? ఖైదీ ఆ ఊళ్లో కాకుండా ఆసుపత్రి దగ్గర బంధువుల ఇంట్లో ఉండేలా, రోజూ స్టేషన్‌లో సంతకం పెట్టేలా షరతులు ఆలోచించాడా? హతుడి భార్యకు ముందుగా కబురు పంపాలని తోచిందా? జాలితో ఇచ్చేసినవాడు, భయంతో కొట్టేసినవాడు ఇద్దరూ ఈ ప్రశ్నల దగ్గరికే రారు.

నోట్ తీసుకున్నాక రెండో భాగం. ‘పెరోల్ ఇచ్చారు, గడువు నిన్నటితో అయిపోయింది, మనిషి రాలేదు. ఇప్పుడేం చేస్తారు?’ అని అడగండి. ఇది ముందే చెబితే పరీక్ష వృథా. అడిగాక కమిటీలో ఎవరూ మాట్లాడకూడదు, తల ఊపకూడదు. ఛైర్మన్ ముఖంలో ‘అబ్బే’ కనిపించిందంటే అభ్యర్థి జవాబు అక్కడే మారిపోతుంది. మంచి అభ్యర్థి ఆసుపత్రికీ, ఇంటికీ, స్టేషన్‌కీ ఫోన్లు చేయిస్తానంటాడు, సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా తెలియజేస్తానంటాడు. వీటిని చాలామంది చెబుతారు. అసలు ప్రశ్న తర్వాత వేయాలి: ‘అనుకూలంగా రాసిన ప్రొబేషన్ ఆఫీసర్‌ను ఏం చేస్తారు?’

‘సస్పెండ్ చేస్తాను’ అని వెంటనే అనేవాణ్ణి అక్కడితో పక్కన పెట్టండి. ఆయన కింద పనిచేసే ప్రతి ఆఫీసరూ నెల తిరక్కుండా అన్ని నివేదికలూ వ్యతిరేకంగా రాయడం మొదలుపెడతాడు. అప్పుడు ఆ ప్రాంతం మొత్తంలో పెరోల్ కాగితం మీదే మిగులుతుంది. ‘ఆయన ఇంటికి వెళ్లాడో లేదో ముందు తేలుస్తాను. వెళ్లి నిజాయితీగా రాసి ఉంటే బాధ్యత నాది, నిర్ణయం మీద సంతకం నాది’ అన్న జవాబు కోసం వేచి ఉండండి. ఇది అరుదుగా వినిపిస్తుంది. విన్నప్పుడు తెలిసిపోతుంది.

కమిటీ సభ్యులు మార్కులు విడివిడిగా వేసి, కవర్లో పెట్టి, ఆ తర్వాతే చర్చించాలి. ముందు చర్చిస్తే గదిలో పెద్ద హోదా ఎవరిదో మార్కులూ వాళ్లవే అవుతాయి. ఆరుగురికీ అదే ఫైలు, అదే గంట. ఫోన్లు బయటే.

దీనికి బదులు హైటెక్ సిటీ కంపెనీలు వాడే వ్యక్తిత్వ పరీక్షలు పెడదామని ఈ మధ్య సలహాలు వస్తున్నాయి. కంప్యూటర్‌లో గళ్లు నింపితే మనిషి నాయకుడో కాదో తేలుతుందట. అమ్మకాల మేనేజర్‌కు అవి పనికొస్తాయేమో. ఇక్కడ తేలాల్సింది ఒత్తిడిలో రాసే ఒక పేజీ నోట్, దాన్ని చూడాలంటే రాయించక తప్పదు.

ఇంటర్వ్యూ ఇక చిన్నదే. ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి. కరోనా వచ్చిన 2020లో సుప్రీంకోర్టు ఆదేశంతో రాష్ట్రాల్లో హైపవర్ కమిటీలు ఏర్పడి ఖైదీలను అత్యవసర పెరోల్, మధ్యంతర బెయిల్ మీద పంపాయి. అలా వెళ్లినవాళ్లు 15 రోజుల్లో లొంగిపోవాలని 2023 మార్చిలో కోర్టు చెప్పింది. ఆ రోజుల్లో మీరు ఏం చేశారు, ఎవరిని ఎలా వెనక్కి రప్పించారు అని అడగండి. నిజంగా పనిచేసినవాళ్లు ఊళ్ల పేర్లతో, ఎదురైన చిక్కులతో చెబుతారు. చేయనివాళ్లు సర్క్యులర్లు చదువుతారు.

మొదటి ఇద్దరి గురించి వాకబు చేసేటప్పుడు పై అధికారులకు ఫోన్ చేయకండి, వాళ్లు ఎటూ మంచిగానే చెబుతారు. కింద పనిచేసినవాళ్లను, వీలైతే మహిళా ఉద్యోగులను అడగండి. ‘చెడ్డ వార్త వచ్చిన రోజు సార్ ఎలా ఉంటారు?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

ఎంపికైన మనిషి పేరు ప్రకటించగానే పని అయిపోయిందనుకుంటారు. డిప్యుటేషన్ అయితే మాతృశాఖ రిలీవ్ చేయకుండా నెలల తరబడి నాన్చడం మామూలే, ఈలోగా ఆ మనిషికే మనసు మారుతుంది. అందుకని రెండో పేరుతో ప్యానెల్‌ను కనీసం ఆరు నెలలు చెల్లేలా ఉత్తర్వులోనే రాయించండి. రిలీవింగ్ ఆర్డర్ చేతికి వచ్చి, చార్జ్ తీసుకున్న కాగితం మీద సంతకం పడేదాకా ఆ రెండో అభ్యర్థికి ‘మీకు రాలేదు’ అని చెప్పొద్దు.