వరద జ్ఞాపకం చెప్పేటప్పుడు ఏ వరదో కూడా చెప్పండి
విజయవాడలో అద్దె ఇల్లు వెతుక్కుంటున్న కొత్తవారు ఎవరైనా సలహా అడిగినప్పుడు, "ఆ వైపు వద్దండీ, వరదలో మునిగింది" అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, అది ఏ సంవత్సరపు వరదో, ఏ నీరో కూడా దయచేసి చెప్పండి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించినది కృష్ణ. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌ను రోజుల తరబడి ముంచినది బుడమేరు. కృష్ణలంకవారి భయం నది గురించి, సింగ్‌నగర్‌వారి భయం వాగు గురించి. ఈ రెండింటినీ కలిపేసి చెబితే వినేవారికి ఊరంతా ఒకేలా తోస్తుంది.

నీరు గడప దాటిందా, కిటికీల దాకా వచ్చిందా, ఎన్నాళ్లు నిలిచింది అన్న వివరాలు ఎంతో ఉపయోగపడతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, కళ్లారా చూసినదైతే చూశామని, ఎవరో చెప్పగా విన్నదైతే విన్నామని విడదీసి చెప్పాలి, ఎందుకంటే ముఖపరిచయం లేనివారు కూడా మన మాట నమ్మి అడ్వాన్సు కట్టేస్తారు. మీ ఇంటి నంబరు చెప్పనక్కర లేదు, వీధి పేరు చాలు. వీలైతే ఆ వీధిలో పాత గోడల మీద మిగిలిన నీటి చారను ఒకసారి స్వయంగా చూసుకోమని కూడా చెప్పండి.