మందు ఆగిన మూడో రాత్రి: వార్డులో నర్సు ఏం చూడాలి

కాలు విరిగి ఆర్థో వార్డులో చేరిన మనిషి మొదటి రెండు రోజులు బాగానే ఉంటాడు. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతుంటాడు, సెలైన్ పీకేసి ఇంటికి పోతానంటాడు. గోల చేస్తున్నాడు, కట్టేయండి అని పక్క మంచాల వాళ్లంటారు. అది గోల కాదు, డెలీరియం ట్రెమెన్స్: రోజూ సారా, విస్కీ లాంటివి తాగే మనిషికి తాగుడు ఒక్కసారిగా ఆగితే మతి తప్పడం. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది.

పని అడ్మిషన్ దగ్గరే మొదలవుతుంది. 'తాగే అలవాటుందా?' అని అడిగితే 'ఎప్పుడైనా' అనే జవాబే వస్తుంది. 'రోజుకు ఎన్ని క్వార్టర్లన్నా? ఆఖరుసారి ఎప్పుడు తాగినవ్?' అని అడగండి. ఆ తేదీ, ఆ గంట కేస్ షీట్‌లో రాయండి. లెక్కంతా అక్కడి నుంచే. ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని భార్యనో తల్లినో విడిగా కనుక్కోండి. తెలంగాణలో కల్లు గురించి ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే చాలామంది దాన్ని మందు కింద లెక్కేయరు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలుపుతారు. అది ఒక్కసారిగా ఆగినా ఫిట్స్, మతి తప్పడం వస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది ఇదే.

మందు ఆగిన ఆరేడు గంటలకు చేతుల వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. డెలీరియం 48 నుంచి 96 గంటల మధ్య. మధ్యలో ఒక పూట నెమ్మదించినట్టు కనిపిస్తే గండం గడిచిందనుకోకండి.

తీవ్రత కొలవడానికి సీవా (CIWA-Ar) స్కేలు ఉంది: పది అంశాలు, మొత్తం 67 మార్కులు. 8 లోపు అయితే తేలిక, 15 దాటితే తీవ్రం. వణుకు చూడాలంటే చేతులు ముందుకు చాపించి వేళ్లు విడదీయమనండి. కంటికి కనిపించకపోతే మీ వేలికొసలు ఆయన వేలికొసలకు ఆనించండి, సన్నటి వణుకు స్పర్శకు దొరుకుతుంది. ఈ స్కేలు మాట్లాడగలిగే మనిషికే పనికొస్తుంది. మతి తప్పినవాడికి మార్కులు వేస్తూ కూర్చోకుండా డ్యూటీ డాక్టర్ని పిలవండి.

అన్నీ మందు ఖాతాలో వేయడం పెద్ద పొరపాటు. తాగి పడ్డ మనిషికి తల లోపల రక్తస్రావం ఉండొచ్చు. కనుపాపలు రెండూ సమానంగా ఉన్నాయా, షుగర్ ఎంత, జ్వరం ఉందా, ఆక్సిజన్ ఎంత? ఈ నాలుగూ చూసే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్) కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) వెళ్లాలి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చైపోయి మెదడును దెబ్బతీసే వెర్నికీ జబ్బు బయటపడొచ్చు: మతి తప్పడం, నడక తూలడం, కనుగుడ్లు అదరడం. అయితే షుగర్ బాగా పడిపోతే గ్లూకోజ్ ఆపకూడదు, రెండూ కలిపి ఇస్తారు.

ఈ లక్షణాలు తగ్గించడానికి ఇచ్చే మత్తు మందులు లొరాజెపాం, డయాజెపాం. వాటి ప్రతి డోసుకు ముందు శ్వాస నిమిషం నిండా లెక్కపెట్టండి. 12 కంటే తక్కువున్నా, లేపినా లేవకపోయినా డోసు ఆపి డాక్టర్‌కి చెప్పండి. డయాజెపాం నరానికి ఇస్తే నిమిషానికి 5 మి.గ్రా. మించకూడదు. లివర్ పాడైనవాళ్లకు సాధారణంగా లొరాజెపామే రాస్తారు. మతిభ్రమకు ఇచ్చే హాలోపెరిడాల్ ఒక్కటే రాసి ఉంటే డాక్టర్ని అడగండి. అది ఫిట్స్‌ను ఆపదు, పైగా తేలిగ్గా వచ్చేలా చేస్తుంది.

కట్టేయడం ఆఖరి మార్గం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అప్పటికప్పుడు ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఆపడానికి మరో దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితోనే కట్టాలి. రోగి ఎంచుకున్న ప్రతినిధికి 24 గంటల్లోపు తెలపాలి. అంతకంటే ముందు లైటు వేసి ఉంచండి, చీకట్లో నీడలే పాములవుతాయి. తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టండి. 'చీమలు లేవు' అని వాదించకండి, 'ఉన్నాయి' అని ఒప్పుకోకండి. 'నాకు కనిపించట్లేదన్నా, మీకు భయమేస్తోందని అర్థమవుతోంది. ఇది హాస్పిటల్, నేను సిస్టర్‌ని' అని ప్రతిసారీ అవే మాటలు నెమ్మదిగా చెప్పండి.

షిఫ్ట్ మారేటప్పుడు 'ఆల్కహాలిక్ పేషెంట్' అని ఒక్క మాటతో వదిలేయకండి. ఆఖరుసారి తాగి ఎన్ని గంటలైంది, ఆఖరి స్కోరు ఎంత, ఆఖరి డోసు ఎప్పుడు, థయమిన్ పడిందా లేదా: మంచం దగ్గర నిలబడి, షీట్ చూపించి చెప్పండి.